గ్రౌండుకు వచ్చే కుర్రాళ్ల కాళ్ల గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం సిటీ పేజీలో మన విజయవాడ బందరు రోడ్డు మీద పరుగు ఫోటో పెద్దగా వేశారు. చూసి సంతోషం వేసింది. అందులో ముందు వరసలో ఉన్న కుర్రాడి కుడి కాలికి మోకాలి కింద క్రేప్ బ్యాండేజీ చుట్టి ఉంది, మీ వాళ్లెవరైనా గమనించారో లేదో. నా కళ్లు మాత్రం ముందు దాని మీదే పడ్డాయి, ఎందుకంటే సరిగ్గా అదే చోట అలాంటి బ్యాండేజీతోనే 2022లో నేనూ తిరిగాను. ఆ కుర్రాడెవరో నాకు తెలియదు. కానీ వాడికి చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరుంది, వాడొక్కడికే కాదు, తెల్లవారుజామున మన గ్రౌండ్లలో, ప్రకాశం బ్యారేజీ మీద, కాలవ గట్ల వెంట పరిగెత్తే వాళ్లందరికీ. అందుకే మీ పేపర్‌కు రాస్తున్నాను. ఉత్తరం కాస్త పెద్దదే, వీలైతే కోయకుండా వేయండి.

నాకు ఆటోనగర్‌లో లారీల స్పేర్ పార్టుల షాపు ఉంది. వయసు 47. అయిదేళ్ల కిందట షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టరు గారు నడవమన్నారు, నడక మొదలుపెట్టాను, ఆ నడకే పరుగైంది. ఏడాది తిరక్కుండానే హైదరాబాద్‌లో ఆగస్టులో జరిగే మారథాన్‌కు పేరు ఇచ్చేశాను. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. అప్పటికి నేను వారానికి పరిగెత్తేది మొత్తం కలిపి 25.

నెట్‌లో ఒక ప్లాను దొరికితే దాన్ని ప్రింటు తీసి షాపులో క్యాలెండర్ పక్కన అతికించాను. అది ఎక్కడో చలి దేశం వాళ్ల కోసం రాసింది, అప్పటికే ఏళ్ల తరబడి పరిగెత్తుతున్న వాళ్ల కోసం రాసింది, ఆ సంగతి అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు. జూన్ మొదట్లో 25 ఉన్నది జూలై రెండో వారానికి 55 చేశాను. ఎక్కువగా పటమట సిమెంటు రోడ్ల మీదే. పొద్దున పరుగు, తర్వాత షాపులో పదిగంటలు నిలువుకాళ్ల మీద, రాత్రి ఇంటికొచ్చి తిని పడుకునేసరికి పన్నెండు, మళ్లీ నాలుగింటికి అలారం. మోకాలి కింద ముందు వైపు ఎముక లాగుతోందని జూన్ చివర్లోనే తెలిసింది. స్ప్రే కొట్టాను. తగ్గకపోతే మెడికల్ షాపులో నొప్పి బిళ్ల అడిగి వేసుకున్నాను. బిళ్ల వేసుకుంటే ఆ పూట నొప్పి ఉండేది కాదు, అంతా బాగుందనుకుని ఇంకో రెండు కిలోమీటర్లు కలిపేవాణ్ణి. జూలై మూడో వారంలో ఒకరోజు బ్యారేజీ మీద ఫుట్‌పాత్ దిగుతుంటే ఎముకలో మేకు దిగినట్టయింది, కాలు నేల మీద మోపలేకపోయాను. ఆటోలో ఇంటికొచ్చాను.

ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే కంటే ముందు చేసిన పని నాకు బాగా గుర్తుంది. బొటనవేలితో ఎముక వెంట కిందినుంచి పైకి ఒక్కో అంగుళం నొక్కుకుంటూ వచ్చారు. "ఇక్కడా? ఇక్కడా?" అని. నాలుగైదు చోట్ల ఏమీ లేదు. ఒక్క చోట, రూపాయి బిళ్ల అంత చోట, నొక్కగానే ప్రాణం పోయినంత పనైంది. "ఎముక పొడుగూతా లాగుతుంటే అదొక రకం, కొంచెం తగ్గించుకుంటే సర్దుకుంటుంది. ఇలా ఒక్క పాయింటులో ఉంటే మాత్రం పగులు అనుకోవాలి" అన్నారు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. ఇలాంటి సన్న పగులు మొదటి రోజుల్లో ఎక్స్‌రేకు దొరకదట, ఎంఆర్ఐలో దొరికింది. ఎనిమిది వారాలు పరుగు బంద్. హైదరాబాద్ టికెట్టు క్యాన్సిల్.

ఆయన చెప్పింది నాకు బాగా అర్థమైన విధంగా రాస్తాను. పరుగు మొదలుపెట్టిన కొన్ని వారాలకే ఊపిరి, గుండె అలవాటు పడిపోతాయి, ఆయాసం తగ్గుతుంది, ఇంకా పరిగెత్తగలం అనిపిస్తుంది. ఎముకలకు, కండను ఎముకకు కట్టి ఉంచే పట్టీలకు ఆ అలవాటు రావాలంటే నెలలు పడుతుంది. మా ఆటోనగర్ భాషలో చెప్పాలంటే పాత లారీకి కొత్త ఇంజన్ బిగించి, లోడు మోసే కమాన్ కట్టలు, అంటే స్ప్రింగులు, పాతవే ఉంచి, లోడు డబుల్ చేసినట్టు. ఇంజన్ లాగుతుంది. కట్ట విరుగుతుంది. ఎముక బలపడేది పరిగెత్తేటప్పుడు కాదు, పరిగెత్తాక మనం పడుకున్నప్పుడు. పరుగులో పడ్డ సన్నని దెబ్బలను ఒళ్లు విశ్రాంతిలో పూడ్చుకుంటుంది, పూడ్చుకునే టైము ఇవ్వకుండా రోజూ మళ్లీ మళ్లీ కొడితే ఆ దెబ్బలే పగులవుతాయి. ఇంత చిన్న విషయం ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు ఆ ఎనిమిది వారాలు మిగిలేవి.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు నాకు దారి చూపింది మా వీధిలో ఉండే రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు గారు. ఆయనకు 66, నేను బాబాయ్ అంటాను. రోజూ నాలుగున్నరకు బ్యారేజీ మీద ఉంటారు. ప్రకాశం బ్యారేజీ ఈ చివరినుంచి ఆ చివరికి కిలోమీటరుంపావుకు కొంచెం తక్కువ, వెళ్లి వస్తే దాదాపు రెండున్నర. మొదటిరోజు ఆయన పక్కన పరిగెత్తబోతే నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు.

"ఎక్కడికిరా అబ్బాయ్ ఆ స్పీడు? నాతో మాట్లాడుతూ పరిగెత్తు."

"మాట్లాడితే పరుగేముంటుంది బాబాయ్?"

"మాట ఆగిపోయిందంటే బండి టాప్ గేరులో ఉన్నట్టే. ఘాట్ రోడ్డు మొదట్లోనే టాప్ గేరు వేస్తావా నువ్వు?"

ఆ మాటతో నా పరుగు మారిపోయింది. అంతకుముందు కిలోమీటరు ఆరు నిమిషాల్లో పరిగెత్తేవాణ్ణి, ప్రతిరోజూ అదే, ప్రతిరోజూ ఆయాసమే. బాబాయితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే స్పీడు ఎంతో చూస్తే ఏడు నిమిషాల నలభై సెకన్లు తేలింది. మొదటి నెల చాలా కష్టంగా ఉంది, కాళ్లు పరిగెత్తమంటాయి, మనసు ఆపుకోవాలి. కానీ వారంలో నాలుగు పరుగుల్లో మూడు అలాగే చేశాను, ఒక్కటి మాత్రం గట్టిగా. సీతానగరం వైపు దిగాక ఉండవల్లి దారిలో రోడ్డు పక్క మట్టి అంచు దొరికిన చోటల్లా మట్టి మీదే. నాలుగు నెలలకు అదే మాట్లాడుకునే పరుగు కిలోమీటరుకు ఏడు నిమిషాలకు వచ్చింది, ఆయాసం మాత్రం పెరగలేదు. తెల్లవారుజామున అటువైపు నుంచి తిరిగి వస్తుంటే ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడి దీపాలు నీళ్లలో కనపడతాయి, అంతకుముందు ఏడాదంతా అదే దారిలో పరిగెత్తినా అవి నేను చూసిందే లేదు, వాచీలో అంకెలు చూసుకోవడంతోనే సరిపోయేది.

ఇంకో పని చేశాను. షాపులో రోజు లెక్కలకు చిట్టా పుస్తకం ఉంటుంది కదా, అలాంటిదే ఒకటి పరుగుకు పెట్టాను. తేదీ, ఎన్ని కిలోమీటర్లు, ఎన్నిగంటలు నిద్ర, నొప్పి ఉంటే ఎక్కడ, పదికి ఎంత. ఒక పేజీ ఉన్నదున్నట్టు రాస్తాను: "మార్చి 9. 12 కి.మీ. నిద్ర 5 గం. కుడి మడమ 2. మార్చి 11. 8 కి.మీ. నిద్ర 5. కుడి మడమ 3, లేచిన వెంటనే ఎక్కువ. మార్చి 12. పరుగు లేదు. మార్చి 13. లేదు. మార్చి 14. 5 కి.మీ. నిద్ర 7. మడమ 1." చూడండి, నాలుగైదు లైన్లే. పాత పద్ధతిలో అయితే ఆ 3 దగ్గర బిళ్ల వేసుకుని ఇంకో 12 పరిగెత్తేవాణ్ణి, మడమ కింద పట్టీ వాచి ఆరు నెలలు కూర్చునేవాణ్ణి. నొప్పి వరసగా రెండు రోజులు పెరిగితే మూడోరోజు పరుగు లేదు, ఇది నేను పెట్టుకున్న రూలు, ఇంతవరకు తప్పలేదు. ఎలియుడ్ కిప్చోగే అని కెన్యా ఆయన, 2019 అక్టోబరులో వియన్నాలో మారథాన్ దూరాన్ని రెండు గంటల లోపు, 1:59:40లో పరిగెత్తిన మొదటి మనిషి, ఆయన కూడా 2003 నుంచి తన ట్రైనింగ్ అంతా చేత్తో నోటు పుస్తకాల్లో రాసుకుంటున్నాడు. ఆయనా ఒకప్పుడు దెబ్బతిన్నవాడే. 2012 లండన్ ఒలింపిక్స్‌కు కెన్యా టీములో ట్రాక్ పరుగుల్లో చోటు దొరకలేదు. ఆ మరుసటి ఏడాదే హాంబర్గ్‌లో మొదటి మారథాన్ పరిగెత్తి గెలిచాడు.

ఇక రెండో దెబ్బ. దీని గురించి మన ఎండల్లో ఉండేవాళ్లు మరీ జాగ్రత్తగా చదవాలి.

2023 శీతాకాలంలో ఒక సముద్రపు ఊళ్లో ఫుల్ మారథాన్‌కు వెళ్లాను. ఊరి పేరు, పెట్టినవాళ్ల పేరు రాయను, తప్పులో నా వాటా కూడా ఉంది. పరుగు మొదలవడమే ఆలస్యమైంది, 20 కిలోమీటర్లు దాటేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. దారిలో నీళ్ల స్టాళ్లు బాగానే పెట్టారు, కానీ అన్నిచోట్లా మామూలు నీళ్లే. నాకు ఎండదెబ్బ భయం, చిన్నప్పటినుంచీ మనకు చెప్పేది ఒకటే కదా, నీళ్లు తాగు, నీళ్లు తాగు అని. ప్రతి స్టాలు దగ్గరా రెండేసి గ్లాసులు తాగాను, దాహం లేకపోయినా. 33వ కిలోమీటరు దగ్గర వేలి ఉంగరం బిగిసిపోయి రాకుండా ఉండటం గమనించాను. చేతులు ఉబ్బాయి. తర్వాత తలనొప్పి, వాంతి. ఒక వాలంటీరు కుర్రాడు పాపం మంచి మనసుతోనే ఇంకో నీళ్ల బాటిల్ మూత తీసి నోటి దగ్గర పెట్టాడు. ఆసుపత్రిలో రక్తం చూస్తే సోడియం 126. ఉండాల్సింది 135 నుంచి 145. పొద్దున బయల్దేరేముందు నా బరువు 72, ఆసుపత్రిలో 73. అయిదు గంటలు పరిగెత్తిన మనిషి బరువు పెరగడం ఏమిటి? చెమటలో ఉప్పు పోయింది, లోపలికి ఉత్త నీళ్లు వెళ్లాయి, రక్తంలో ఉప్పు పలచబడింది. అది ముదిరితే మెదడు వాస్తుందని, ఫిట్స్ వస్తాయని, ప్రాణం కూడా పోవచ్చని అక్కడి డాక్టరమ్మ గారు చెప్పారు. నాకు ఎక్కించింది కూడా మామూలు సెలైన్ కాదు, ఉప్పు ఎక్కువ ఉన్నది.

ఇది నా ఒక్కడి కథ అనుకోకండి. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందికి సోడియం తగ్గి ఉందని 2005లో అచ్చయిన పరిశోధనలో ఉంది. వాళ్లలో ఎక్కువ ఎవరికి అంటే దారిలో బరువు పెరిగినవాళ్లకు, నాలుగు గంటలు దాటి పరిగెత్తినవాళ్లకు. అంటే ఛాంపియన్లకు కాదు, మనలాంటి నెమ్మది పరుగువాళ్లకు. ఎక్కువసేపు దారిలో ఉంటాం, ఎక్కువ స్టాళ్లు దాటుతాం, ఎక్కువ తాగుతాం.

తర్వాత నేను నేర్చుకున్నది బరువు చూసుకోవడం. ఖర్చులేని పని. మే నెలలో ఒకరోజు పరుగుకు ముందు, బట్టలు లేకుండా, 71.4. గంట పరిగెత్తి, దారిలో 300 మిల్లీలీటర్లు తాగి, వచ్చి ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూస్తే 70.1. తగ్గింది 1.3, తాగింది 0.3, కలిపితే గంటకు లీటరున్నర పైన చెమట. అదే డిసెంబరులో చూస్తే లీటరు కూడా లేదు. మనిషి మనిషికీ తేడా ఉంటుంది, నా పక్కన పరిగెత్తే బ్యాంకాయనకు నాలో సగం కూడా రాదు. నల్ల టీషర్టు ఆరాక వీపు మీద తెల్లగా ఉప్పు చారలు కట్టేవాళ్లు ఉంటారు, నాకు కడతాయి, అలాంటివాళ్లకు ఉత్త నీళ్లు చాలవు. పోయిన చెమటంతా తిరిగి తాగేయాలని కూడా కాదు. దాహం వేస్తే తాగడం, బరువు మాత్రం పెరగకుండా చూసుకోవడం. గంట లోపు పరుగుకు మామూలు నీళ్లు చాలు, అంతకు మించితే ఓఆర్‌ఎస్. ప్యాకెట్ మీద లీటరుకు అని ఉంటే లీటరులోనే కలపాలి, గ్లాసులో కలిపేస్తే వాంతి వస్తుంది. ఇంటికొచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ. బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు విషయం డాక్టరును అడగాలి. ఓఆర్‌ఎస్ పేరుతో అట్టడబ్బాల్లో అమ్మిన తీపి డ్రింకులు వేరు, అసలు ఓఆర్‌ఎస్ వేరు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడబట్టి 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ డబ్బాల మీద ఆ పేరు వాడకూడదని చెప్పింది. ఆవిడకు పరుగులవాళ్లం కూడా రుణపడి ఉన్నాం.

నొప్పి బిళ్లల సంగతి ఇంకొకటి చెప్పాలి. పౌలా రాడ్‌క్లిఫ్ అని ఇంగ్లండ్ ఆవిడ, 2003లో లండన్ మారథాన్‌లో 2:15:25తో ఆడవాళ్ల ప్రపంచ రికార్డు పెట్టింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఏథెన్స్ ఒలింపిక్స్, ఎండలో పరుగు, 36వ కిలోమీటరు దగ్గర ఆగిపోయి రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చింది. కాలి దెబ్బకు వాడిన నొప్పి మందులు కడుపును పాడుచేశాయని, తిన్న తిండి ఒంటికి పట్టలేదని తర్వాత చెప్పింది. అంతటి ఆవిడకే అలా అయితే, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వేసుకునే మనకు? చెమట బాగా పోయిన ఒంటిలో ఆ బిళ్లలు కిడ్నీలకు కూడా మంచివి కావు. పరుగుకు ముందు నొప్పి బిళ్ల వేసుకోవడం నేను పూర్తిగా మానేశాను. బిళ్ల వేసుకోవాల్సినంత నొప్పి ఉంటే ఆ రోజు పరుగే లేదు. రాడ్‌క్లిఫ్ అదే ఏడాది నవంబరులో, పదకొండు వారాలకే, న్యూయార్క్ మారథాన్ గెలిచింది.

మూడోది దెబ్బ అనను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఊళ్లోకి వరద వచ్చింది కదా. మా అక్కావాళ్లది సింగ్‌నగర్. నడుంలోతు నీళ్లలో పాల ప్యాకెట్లు, తాగే నీళ్లు, మందులు మోయడంతోనే వారం పోయింది, నీళ్లు తీశాక ఇంట్లో బురద ఎత్తడంతో ఇంకో వారం. చిట్టాలో రెండు వారాలు ఖాళీ. జనవరిలో ముంబయి మారథాన్ ఉంది, పాత నేనైతే పోయిన కిలోమీటర్లన్నీ తర్వాతి రెండు వారాల్లో కుక్కేసేవాణ్ణి. ఈసారి పోయినవి పోయాయని వదిలేశాను. ఎక్కడ ఆపానో దానికంటే పావువంతు తక్కువనుంచి మొదలుపెట్టాను. మూడు వారాలు పెంచడం, నాలుగో వారం మూడోవంతు తగ్గించడం. పెద్ద పరుగు ఎంత దూరమైనా మూడున్నర గంటలు దాటకుండా. రోజు విడిచి రోజు గుమ్మం మెట్టు మీద మునివేళ్లపై నిలబడి మడమలు ఎత్తి దించడం, పదిహేనేసి మూడుసార్లు. రాత్రి షాపు తొమ్మిదికి బదులు ఎనిమిదికే మా తమ్ముడికి అప్పజెప్పి పదింటికి పడుకోవడం, అన్నిటికంటే కష్టమైంది, అన్నిటికంటే పనిచేసింది కూడా ఇదే. ఆఖరి మూడు వారాలు సగానికి సగం తగ్గించాను. ముందురోజు రాత్రి పప్పన్నం, పెరుగు, కారాలు లేవు. దారిలో తినడానికి ఖర్జూరం, అరటిపండు, నెలల ముందునుంచీ ఆదివారం పరుగుల్లో తిని చూసుకున్నవే, కొత్తది ఏదీ లేదు. ముంబయిలో చివర్లో పెడ్డర్ రోడ్డు ఎత్తు వచ్చేసరికి చుట్టూ చాలామంది నడుస్తున్నారు, నేను బాబాయి చెప్పినట్టు గేరు దించి నెమ్మదిగా పరిగెత్తుతూనే ఎక్కాను. 4 గంటల 47 నిమిషాలు. మర్నాడు మెట్లు దిగగలిగాను. చిట్టాలో నొప్పి కాలమ్‌లో తొడలు 3, ఎముకలు 0.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా మేనల్లుడి వల్ల. వాడికి 22. కానిస్టేబుల్ సెలక్షన్స్‌కు తయారవుతున్నాడు. ఆ ఈవెంట్స్‌లో 1600 మీటర్ల పరుగు ఉంటుంది, అందులో పోతే రాతపరీక్ష ఎంత బాగా రాసినా పోయినట్టే, అందుకే వీళ్లకు ఆ టెన్షన్. పోయిన నెల ఇంటికొస్తే కుంటుతున్నాడు. అడిగితే "ఏం లేదు మామయ్యా, పట్టేసింది" అన్నాడు. ప్యాంటు పైకి లాగమన్నాను. స్ప్రే వాసన గుప్పుమంది. డాక్టరు గారు నాకు చేసినట్టే బొటనవేలితో కిందినుంచి నొక్కుకుంటూ వచ్చాను. నా అదృష్టమో వాడి అదృష్టమో, ఒక్క పాయింటులో కాదు, పొడుగూతా ఉంది. అయినా డాక్టరుకు చూపించాం, మూడు వారాలు పరుగు ఆపించాం, సైకిలు తొక్కించాం. "ఈవెంట్స్‌కు రెండు నెలలే ఉంది మామయ్యా, మూడు వారాలు ఆపితే ఎలా?" అని ఏడ్చినంత పనిచేశాడు. 2022లో నేను ఎనిమిది వారాలు కూర్చున్న సంగతి చెప్పాను. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాడు, వారానికి రెండే గట్టి పరుగులు, మిగతావి మాట్లాడుకుంటూ. వాడితో పాటు గ్రౌండుకు వచ్చే స్నేహితులు ఎనిమిది మంది ఉంటే అందులో నలుగురు కాళ్లకు బ్యాండేజీలతో ఉన్నారని చెప్పాడు. రోజూ 1600 మీటర్లు ప్రాణం పెట్టి పరిగెత్తడమే ట్రైనింగ్ అనుకుంటున్నారు వాళ్లు. కూలి పనులకు వెళ్లే ఇళ్ల పిల్లలు, చుట్టుపక్కల ఊళ్లనుంచి వచ్చి రూముల్లో ఉండి చదువుకునేవాళ్లు, ఒక్క పగులుతో వాళ్ల ఏడాది పోతుంది, మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు?

కాబట్టి ఎడిటర్ గారూ, మీ ద్వారా కొందరిని అడగాలి.

మునిసిపల్ అధికారుల్ని అడిగేది గేట్లు. కొన్ని గ్రౌండ్లు అయిదున్నర దాకా తీయరు. మే నెలలో అయిదున్నర దాటగానే తెల్లారిపోతుంది, ఆరున్నరకల్లా ఎండ చురుక్కుమంటుంది, ఇంక పరుగేముంది? గేటు తీయకపోతే పిల్లలు సిమెంటు రోడ్ల మీద, లారీల పక్కన పరిగెత్తుతారు. నాలుగున్నరకు గేటు తీసి రెండు లైట్లు వేస్తే మట్టి మీద పరిగెత్తుతారు. ఎముకలకు అదే చాలా తేడా.

పరుగులు పెట్టేవాళ్లను అడిగేది, మన జిల్లాల్లో ఏ పరుగైనా తెల్లవారకముందే మొదలుపెట్టండి, అతిథులు రాలేదని ఆపకండి. నీళ్లతో పాటు ప్రతి రెండో స్టాలులో ఓఆర్‌ఎస్ ఉంచండి. వాలంటీర్లకు ఒక్క మాట నేర్పండి, పరిగెత్తిన మనిషి చేతులు ఉబ్బి, వాంతి చేసుకుని, తికమకగా మాట్లాడుతుంటే ఇంకా నీళ్లు పట్టించకూడదు, వెంటనే డాక్టరుకు చూపించాలి.

మీ పేపర్‌ను అడిగేది ఒకటుంది. మెడల్ ఫోటోలు వేయండి, వద్దనను, అవి చూసే నేనూ పరుగులోకి వచ్చాను. కానీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు రాతపరీక్షకు మోడల్ పేపర్లు వేస్తారు కదా, వాటి పక్కనే ఎముకల డాక్టరుతోనో ఫిజియోతోనో కాళ్ల గురించి ఒక అరపేజీ రాయించండి. ఎంత పెంచాలి, ఎప్పుడు ఆపాలి, ఏ నొప్పికి భయపడాలి. చిట్టా ఎలా రాయాలో కావాలంటే నాది ఇస్తాను, పేజీలు ఫోటో తీసి వేసుకోండి, నా పేరు అక్కర్లేదు.

ఆ ఫోటోలోని కుర్రాడు గానీ, వాడిని ఎరిగినవాళ్లు గానీ ఇది చదివితే, ప్రతి ఆదివారం పొద్దున అయిదింటికి నేనూ బాబాయీ బ్యారేజీ సీతానగరం చివర ఉంటాం. బ్యాండేజీ విప్పుకుని రా బాబూ. నొప్పి ఒక్క చోటే ఉంటే ఎముకల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
పటమట, విజయవాడ